వెనక సరౌండ్ స్పీకర్లలో టీవీ సౌండ్ పూర్తిగా రావాలంటే ఏం చేయాలి?

నమస్తే అండీ. మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకీ విషయం తెలుస్తుంది. హాల్లో టీవీ ఉంది. దానికి ఆర్క్ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే బయటికి పంపే పద్ధతి) ద్వారా 7.2 డెనాన్ రిసీవర్ (స్పీకర్లన్నింటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టె), రిసీవర్‌కి 5.1 స్పీకర్లు కలిపారు. డీటీహెచ్ బాక్స్ మాత్రం నేరుగా టీవీకే ఉంది. ఓటీటీలో కొత్త సినిమా పెడితే వెనక స్పీకర్లలో అప్పుడప్పుడు ఏదో ఒకటి వినిపిస్తుంది కానీ, న్యూస్, సీరియల్, క్రికెట్ పెడితే చప్పుడే ఉండదు. మీ అమ్మగారికి వినికిడి కాస్త తగ్గింది. ఆవిడ కూర్చునే దివాన్, సోఫాకి వెనక, సరిగ్గా ఆ స్పీకర్ల దగ్గరే ఉంది. అక్కడ మాటలు స్పష్టంగా వినపడాలని వాల్యూమ్ పెంచితే ముందు స్పీకర్లు ఇల్లంతా దద్దరిల్లిస్తున్నాయి, వెనకవి మాత్రం ఉలకవు పలకవు.

ఏళ్ల తరబడి ఇళ్లలో హోమ్ థియేటర్లు అమర్చే పనిలో ఉన్నాను. ఈ ఫిర్యాదు వినని నెల ఉండదు. మీ స్పీకర్లు బాగానే ఉన్నాయి, రిసీవరూ బాగానే ఉంది. షాపులో కొత్త రిసీవర్ కొనమన్నారని రాశారు, దయచేసి కొనకండి. డెనాన్ రిమోట్‌లో ‘మ్యూజిక్’ బటన్‌ని డిస్‌ప్లే మీద ‘మల్టీ సీహెచ్ స్టీరియో’ అని వచ్చేదాకా మళ్లీ మళ్లీ నొక్కండి. న్యూస్ రీడర్ గొంతు అన్ని స్పీకర్లలోంచీ వస్తుంది, వెనకవాటితో సహా. మీ సమస్యలో సగం ఇక్కడితో తీరిపోతుంది. అయితే ఇంతటితో వదిలేస్తే రేపు సినిమా పెట్టినప్పుడు గందరగోళంగా ఉంటుంది. అందుకే అసలు ఏం జరుగుతోందో చెబుతాను.

5.1 అంటే ఆరు వేరు వేరు ట్రాకులు. ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, వెనక ఎడమ, కుడి, వీటికి తోడు సబ్‌వూఫర్‌కి వెళ్లే బేస్. సినిమాకి సౌండ్ మిక్స్ చేసేవాళ్లు ఏ శబ్దం ఏ ట్రాకులో ఉండాలో ఒక్కొక్కటీ చూసుకుని పెడతారు. స్టీరియోలో ఉండేవి రెండే ట్రాకులు. సీరియళ్లు, న్యూస్, యూట్యూబ్ వీడియోల్లో చాలా భాగం స్టీరియోనే. వెనక స్పీకర్ల కోసం అందులో ఏమీ ఉండదు కాబట్టి రిసీవర్ వాటికి ఏమీ పంపదు. వాల్యూమ్ ఎంత తిప్పినా లేని శబ్దం పెరగదు.

నిజమైన 5.1 సినిమాలో కూడా వెనక స్పీకర్లు అంతసేపూ మోగవు. డైలాగులన్నీ దాదాపు సెంటర్ స్పీకర్లోంచే వస్తాయి. వాన, జనం గోల, పాటలో ప్రతిధ్వని, తల మీదుగా వెళ్లే హెలికాప్టర్ లాంటివి వెనక్కి వెళతాయి. ఇద్దరు గదిలో కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో వెనక నిమిషాల తరబడి నిశ్శబ్దంగా ఉందంటే, మిక్స్ చేసినవాళ్లు అలా అనుకున్నారు కాబట్టే. దీన్ని రిపేరు చేయించాల్సిన పని లేదు. చాలామంది అనవసరంగా టెన్షన్ పడేది ఇక్కడే.

కాబట్టి ఏ సెట్టింగూ ముట్టుకోకముందు రిసీవర్‌కి ఏం చేరుతోందో చూడండి. బొమ్మ రిసీవర్ ద్వారా వస్తుంటే డెనాన్ రిమోట్‌లో ‘ఇన్ఫో’ బటన్ నొక్కితే టీవీ తెర మీద కనిపిస్తుంది, టీవీలోని యాప్‌లు చూస్తున్నప్పుడు రిసీవర్ ముందు డిస్‌ప్లే చూడండి. పీసీఎం (కుదించకుండా పంపే డిజిటల్ ఆడియో) అని ఉండి పక్కన రెండే ఛానెళ్లు చూపిస్తే స్టీరియో వస్తున్నట్టు. డాల్బీ డిజిటల్ లేదా డాల్బీ డిజిటల్ ప్లస్ (ఆడియోని కుదించి పంపే పద్ధతులు) అని ఉంటే పక్కన అంకెలు కూడా చదవండి. 3/2/.1 అంటే ముందు మూడు, వెనక రెండు, ఒక సబ్, అంటే పూర్తి 5.1. 2/0 అని ఉంటే మాత్రం పేరుకే డాల్బీ, లోపల ఉన్నది స్టీరియో. ఛానెల్ మూల మీద డాల్బీ లోగో ఉంది కదా, వెనక ఎందుకు రావట్లేదని అడిగేవాళ్లకి జవాబు సాధారణంగా ఈ 2/0 దగ్గరే దొరుకుతుంది. ఓటీటీలో ఇంకో చిక్కు ఉంది. ఒకే సినిమాకి అసలు భాష ఆడియో 5.1లో ఉండి, తెలుగు డబ్బింగ్ స్టీరియోలోనే ఉండొచ్చు. ఆడియో మెనూలో భాష మార్చి చూస్తే ఇన్ఫోలో అంకెలు మారడం మీకే కనిపిస్తుంది.

సినిమా 5.1లో ఉందని ఖాయంగా తెలిసినా రిసీవర్ పీసీఎం రెండు ఛానెళ్లే చూపిస్తుంటే, దారిలో ఎక్కడో టీవీ దాన్ని స్టీరియోగా మార్చేస్తోంది. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనే మాట కోసం వెతకండి. సామ్‌సంగ్, ఎల్‌జీలలో అది పీసీఎం మీద ఉంటే ఆటో లేదా పాస్ త్రూకి మార్చండి. సోనీలో ఆటో 1 పెట్టండి. ఆర్క్ అనేది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. అది స్టీరియో పీసీఎంని, డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్‌లను మోయగలదు. కుదించని 5.1 పీసీఎంని మోయలేదు. అది కావాలంటే టీవీకీ రిసీవర్‌కీ రెండింటికీ 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఆర్క్ ఉండాలి. కాబట్టి మామూలు ఆర్క్ ఉన్నవాళ్లు టీవీకి తగిలించే స్టిక్‌లోనో గేమ్ కన్సోల్‌లోనో ఆడియోను పీసీఎంలో కాకుండా డాల్బీలో పంపేలా పెట్టుకోవాలి. ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లకి డాల్బీ డిజిటల్ 5.1 వరకు వస్తుంది, డాల్బీ డిజిటల్ ప్లస్ రాదు. టీవీలో ఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే ఉంటుందని, కేబుల్ అందులోనే ఉండాలని కూడా గుర్తుంచుకోండి.

ఇక స్టీరియోని ఐదు స్పీకర్లకి పంచే పద్ధతులు. ఇవి రెండు రకాలు, రెండింటి స్వభావం వేరు. ఈ తేడా తెలియకే జనం ఒకటి పెట్టి రెండోదాని ఫలితం కోసం ఎదురుచూస్తారు.

మొదటి రకం డాల్బీ సరౌండ్, డీటీఎస్ న్యూరల్ ఎక్స్, పాత రిసీవర్లలో అయితే ప్రోలాజిక్ 2. ఇవి స్టీరియోని విడదీసి చూస్తాయి. ఎడమ, కుడి రెండింటిలోనూ ఒకేలా ఉన్నదాన్ని, అంటే ఎక్కువగా మాటల్ని, సెంటర్‌కి పంపుతాయి. రెండింటి మధ్య తేడాగా ఉన్నదాన్ని వెనక్కి పంపుతాయి. క్రికెట్ పెట్టి చూడండి. కామెంటరీ సెంటర్‌లో నిలబడుతుంది, స్టేడియం హోరు మెల్లగా వెనక్కి చేరుతుంది. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. సోఫాలో కూర్చుని చూసే మీకు నేను సిఫారసు చేసేది ఇదే. అమ్మగారికి మాత్రం ఇది పనికిరాదు. ఆవిడకి కావలసింది మాటలు, ఈ మోడ్ మాటల్నే వెనక్కి రానివ్వదు. 1950లు, 60ల నాటి పాత తెలుగు సినిమాలు పెడితే పరిస్థితి ఇంకా కష్టం. అవి మోనో. ఎడమకీ కుడికీ తేడానే ఉండదు, అంటే వెనక్కి పంపడానికి మిగిలేది సున్నా. శబ్దం మొత్తం సెంటర్ స్పీకర్లోకి వెళ్లి కూర్చుంటుంది.

రెండో రకం మీకు పైన చెప్పిన మల్టీ ఛానెల్ స్టీరియో. ఇందులో విడదీయడాలు లేవు. ఎడమ ట్రాకు ముందు ఎడమలోనూ వెనక ఎడమలోనూ, కుడి ట్రాకు కుడివైపు రెండింటిలోనూ, రెండూ కలిపి సెంటర్‌లోనూ వస్తాయి. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది. ఆంక్యోలో ఆల్ ఛానెల్ స్టీరియో, యమహాలో మోడల్‌ని బట్టి 5 ఛానెల్, 7 ఛానెల్ లేదా ఆల్ ఛానెల్ స్టీరియో, సోనీలో మల్టీ స్టీరియో. హోమ్ థియేటర్ అభిమానుల్లో చాలామంది ఈ మోడ్‌ని చిన్నచూపు చూస్తారు, సినిమా స్వరూపమే పోతుందంటారు. సినిమా వరకు ఆ మాట నిజం. కానీ ఇంట్లో పెద్దావిడకి భక్తి ఛానెల్ ప్రవచనం వినపడటానికి ఇంతకంటే మంచి మోడ్ లేదు, ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాను.

అసలు దగ్గరి స్పీకర్లోంచి వినిపించాలన్న మీ ఆలోచనే సరైనది, కారణం చెబుతాను. స్పీకర్ నుంచి నేరుగా చెవికి చేరే శబ్దం, దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ముందు స్పీకర్లు ఆవిడకి 4 మీటర్ల దూరంలో, వెనకది 1 మీటరు దూరంలో ఉన్నాయనుకోండి. రెండూ ఒకే స్థాయిలో మోగినా దగ్గరిదాని నుంచి నేరుగా వచ్చే శబ్దం 12 డెసిబెల్స్ ఎక్కువ. గట్టిదనం కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మన హాళ్లలో కింద టైల్స్ లేదా గ్రానైట్, చుట్టూ ఖాళీ గోడలు. దూరం నుంచి వచ్చే మాట గోడలకి తగిలి వచ్చిన ప్రతిధ్వనితో కలిసిపోతుంది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేది పై స్థాయి శబ్దాలు, అంటే హై ఫ్రీక్వెన్సీ ఉన్న సన్నని శబ్దాలు. స, శ, ష లాంటి అక్షరాల పదును అక్కడే ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు “శబ్దం వినపడుతోంది కానీ మాట అర్థం కావట్లేదు” అంటారు. వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది, మాట స్పష్టత పెరగదు. దగ్గరి స్పీకర్ అయితే ప్రతిధ్వని కంటే ముందు, దానికంటే గట్టిగా మాటని చెవికి అందిస్తుంది. వీలైతే దివాన్ పక్క గోడకి ఒక మందపాటి కర్టెన్, నేల మీద ఒక కార్పెట్ వేయండి. తేడా ఆవిడే చెబుతారు.

ఇప్పుడు మీ ఇంట్లో నేనైతే ఎలా అమరుస్తానో చెబుతాను. డీటీహెచ్ బాక్స్‌ని టీవీ నుంచి తీసి రిసీవర్ వెనక ‘సీబీఎల్/శాట్’ అనే హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టండి. రిసీవర్ నుంచి టీవీకి వెళ్లే ఆర్క్ కేబుల్ అలాగే ఉండనివ్వండి, బొమ్మ అందులోంచే టీవీకి వెళుతుంది. ఇలా ఎందుకంటే, డెనాన్‌లో ‘ఆప్షన్’ బటన్ కింద ఉండే ‘ఛానెల్ లెవెల్ అడ్జస్ట్’ ప్రతి ఇన్‌పుట్‌కీ విడిగా గుర్తుంటుంది. సీబీఎల్/శాట్ మీద ఉండగా, న్యూస్ ఛానెల్ పెట్టి, మల్టీ ఛానెల్ స్టీరియోలో ముందు ఎడమ, కుడి, సెంటర్ మూడింటినీ 5 లేదా 6 డెసిబెల్స్ తగ్గించండి. వెనక రెండింటినీ 3 లేదా 4 పెంచండి. అమ్మగారిని దివాన్ మీద కూర్చోబెట్టి, ఆవిడ చాలన్న చోట ఆపండి. మీరు టీవీలోని యాప్‌లలో చూసే సినిమాలు టీవీ ఆడియో ఇన్‌పుట్ మీద వస్తాయి కాబట్టి వాటి లెవెల్స్ చెక్కుచెదరవు.

ఆ తర్వాత రిమోట్ మీద ‘క్విక్ సెలెక్ట్’ 1 బటన్‌ని డిస్‌ప్లే మీద మెమరీ అని వచ్చేదాకా నొక్కి పట్టుకోండి. ఇన్‌పుట్, వాల్యూమ్, సౌండ్ మోడ్ అందులో దాచుకుంటుంది. టీవీ ఆడియో ఇన్‌పుట్‌లో డాల్బీ సరౌండ్ పెట్టి దాన్ని 2లో దాచండి. 1 అమ్మగారికి, 2 మీకు. మెనూల జోలికి ఆవిడ వెళ్లక్కర్లేదు. బటన్ మీద చిన్న రంగు స్టిక్కర్ అంటిస్తే ఇంకా తేలిక. రిసీవర్ సెటప్ మెనూలో హెచ్‌డీఎంఐ పాస్ త్రూ ఆన్ చేయడం మర్చిపోకండి. అది లేకపోతే రిసీవర్ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు డీటీహెచ్ బొమ్మ టీవీకి రాదు, మీరు ఆఫీసులో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తుంది.

వెనక స్పీకర్లు మరీ పెరిగితే సోఫాలో కూర్చున్న మీకు బొమ్మ ముందు, మాట వెనక అన్నట్టు ఉంటుంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే ముందు చేరిన వైపు నుంచే వస్తున్నట్టు మన చెవికి అనిపిస్తుంది. రిసీవర్‌లో స్పీకర్ల దూరాలు సరిగ్గా కొలిచి పెడితే ఇది చాలావరకు తగ్గుతుంది. శబ్దం 1 మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ లెక్కన దగ్గరి స్పీకర్‌ని రిసీవరే కాస్త ఆపి మోగిస్తుంది. ఆడిసీ (స్పీకర్ల దూరాలు, లెవెల్స్ తనే కొలిచి సరిచేసే డెనాన్ సదుపాయం) మైకు పెట్టి ఒకసారి కాలిబ్రేషన్ చేయండి, మైకుని సోఫాలో మీ చెవి ఎత్తులో ఉంచండి. అలాగే వెనక స్పీకర్లు చిన్నవైతే సెటప్‌లో ‘స్మాల్’ అని, క్రాసోవర్ (దానికి కింద ఉన్న బేస్ సబ్‌వూఫర్‌కి వెళ్లే హద్దు) 100 లేదా 120 హెర్ట్జ్ అని పెట్టండి. ఇప్పుడు వాటికి పూర్తి పాట వెళుతుంది కాబట్టి బేస్‌ని సబ్‌వూఫర్‌కి వదిలేయడమే వాటికి మంచిది.

ముందు స్పీకర్లు పూర్తిగా ఆపి వెనకవి మాత్రమే మోగించే వీలుందా అని కూడా అడిగారు. రిసీవర్లలో ముందు ఎడమ, కుడి స్పీకర్లని ‘లేవు’ అని పెట్టే వీలు సాధారణంగా ఉండదు. లెవెల్స్‌లో ముందువాటిని మైనస్ 12 దాకా దించడమే దగ్గరి దారి. రాత్రిపూట మిగతావాళ్లు పడుకున్నాక ఆవిడ ఒక్కరే చూస్తుంటే ఇది బాగా పనికొస్తుంది.

మీకు సినిమాల్లో వెనక శబ్దం వస్తోంది కాబట్టి వైరింగ్ సరిగానే ఉంది. వెనక ఎప్పుడూ, దేనికీ రాని వాళ్లు మాత్రం రిసీవర్ వెనక వైపు చూడండి. 7 ఛానెళ్ల రిసీవర్‌లో ‘సరౌండ్’, ‘సరౌండ్ బ్యాక్’ అని రెండు జతల టెర్మినళ్లు ఉంటాయి. మన స్పీకర్లు వెనక ఉన్నాయి కదా అని ‘బ్యాక్’ అని రాసిన దాంట్లో పెట్టేస్తారు. 5.1కి ఉండాల్సింది ‘సరౌండ్’లో. ఆ మధ్య ఒక ఇంట్లో ఇలాగే పెట్టి, వెనక స్పీకర్లు కాలిపోయాయనుకుని కొత్తవి కూడా తెచ్చుకున్నారు. వైరు రెండు అంగుళాలు పక్కకి జరిపితే పాతవే మోగాయి. స్పీకర్ మెనూలో టెస్ట్ టోన్ పెడితే ఒక్కో స్పీకర్లోంచి వరసగా ‘హుష్’ అని వస్తుంది. వెనక ఆ శబ్దం వచ్చిందంటే వైరు, యాంప్లిఫయర్, స్పీకర్ మూడూ బాగున్నట్టే.

సౌండ్‌బార్‌తో వైర్‌లెస్ వెనక స్పీకర్లు ఉన్నవాళ్లకీ సూత్రం ఇదే. సామ్‌సంగ్ బార్లలో ‘స్టాండర్డ్’ మోడ్ వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే ఇస్తుంది, స్టీరియో వస్తే వెనక మౌనమే. ‘సరౌండ్’ మోడ్‌కి మార్చండి. మిగతా కంపెనీల్లోనూ సౌండ్ మోడ్ బటన్‌తో ఒక్కోటీ మార్చి, వెనక స్పీకర్ దగ్గర చెవి పెట్టి చూడటమే దారి.

అసెంబుల్డ్ 5.1 యాంప్లిఫయర్లు వాడేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం ఒక మాట. టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆక్స్‌కి వైరు వేస్తే వెళ్లేది స్టీరియోనే, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే. నిజమైన 5.1 కావాలంటే టీవీ ఆప్టికల్ నుంచి ఒక డాల్బీ డీకోడర్ బాక్స్‌కి, దాన్నుంచి ఆరు ఆర్‌సీఏ వైర్లతో యాంప్లిఫయర్ 5.1 ఇన్‌పుట్‌కి వెళ్లాలి, టీవీ అవుట్‌పుట్ డాల్బీ డిజిటల్ మీద ఉండాలి. ఇంకొకటి, అన్ని స్పీకర్లలోనూ సంగీతం వస్తూ గాయకుడి గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంటే మోడ్‌లు మార్చుకుంటూ కూర్చోకండి. ఆ 3.5 ఎంఎం జాక్‌ని పూర్తిగా లోపలికి నొక్కండి. గ్రౌండ్ కాంటాక్ట్ అందకపోతే ఎడమ కుడుల మధ్య తేడా మాత్రమే మిగులుతుంది, రెండింటిలోనూ ఉన్న గొంతు కొట్టుకుపోతుంది. నొక్కినా మారకపోతే వైరు మార్చండి.

స్పీకర్లు పెట్టే చోటు గురించి కూడా అడిగారు. 5.1లో వెనక స్పీకర్లని సోఫాకి మరీ వెనక కాకుండా పక్కలకి, కొంచెం వెనక్కి పెట్టాలి. టీవీ వైపు చూస్తూ కూర్చున్నవాళ్లకి ముందువైపు సున్నా అనుకుంటే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, చెవి కంటే అడుగో రెండడుగులో ఎత్తులో ఉండాలి. మీ ఇంట్లో మాత్రం వాటిని దివాన్ వైపు కొంచెం తిప్పి పెట్టండి, పై స్థాయి శబ్దాలు స్పీకర్ ఎటు చూస్తుంటే అటే బాగా వెళతాయి కాబట్టి అమ్మగారికి మాట తేటగా అందుతుంది. సినిమాలో మీకు పోయేది కొంచెమే.

డీటీహెచ్ బాక్స్‌ని రిసీవర్‌కి మార్చాక, బాక్స్ ఆడియో సెట్టింగ్‌లో స్టీరియో, డాల్బీ అని రెండు ఎంపికలు ఉంటే డాల్బీ పెట్టి ఏదైనా హెచ్‌డీ స్పోర్ట్స్ ఛానెల్ చూడండి. ఇన్ఫోలో 3/2/.1 వచ్చిందో 2/0 వచ్చిందో, టెస్ట్ టోన్ వెనక రెండింటిలోనూ సమానంగా వినిపించిందో లేదో ఇక్కడ రాయండి. మీ రిసీవర్ మోడల్ నంబరు కూడా రాస్తే లెవెల్స్ ఎక్కడ ఉంటాయో మెనూ వరసతో సహా చెబుతాను.